మతిమరుపా, దిగులా?

పెద్దతనంలో మతి తప్పడం మామూలేననుకోవడం మన్యంలోనే ఉన్న అలవాటు కాదు. వైద్యులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1906లో జర్మనీలో అలోయిస్ ఆల్జీమర్ వివరించిన మతిమరుపు రోగి యాభై దాటిన స్త్రీ. దాంతో ఆ జబ్బు నడివయసు వాళ్లదని పక్కన పెట్టేశారు. ముసలివాళ్ల మతిమరుపు వయసు ఖాతాలోనే మిగిలింది.

1955లో మార్టిన్ రాత్ ఇంగ్లండులో ఒక మానసిక ఆసుపత్రిలో చేరిన వృద్ధులు తర్వాత ఏమయ్యారో చూశాడు. డిమెన్షియా (మతి తప్పే జబ్బు) రోగుల్లో ఎక్కువమంది రెండేళ్లలో చనిపోయారు. దిగులుతో (డిప్రెషన్) చేరినవాళ్లలో చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. పైకి ఒకేలా కనిపించినవి రెండు వేర్వేరు జబ్బులన్నమాట. దిగులుకు మందుబిళ్లలు వచ్చాక ఈ తేడా మరీ ముఖ్యమైంది. 1961లో కైలో అనే వైద్యుడు మతిమరుపులా కనిపించే దిగులును సూడోడిమెన్షియా అన్నాడు. ఏది అడిగినా 'ఏమో, తెలీదు' అనేవారిలో దిగులును, తప్పు జవాబు చెప్పి సర్దుకునేవారిలో డిమెన్షియాను అనుమానించాలన్నది ఓపీ పాఠం. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చన్నది ఆ పాఠంలో తరచూ మరిచిపోయే ముక్క.

1975లో ఫోల్‌స్టీన్ ముప్పై మార్కుల పరీక్ష వచ్చింది. తారీఖు చెప్పాలి, చదవాలి, ఒక వాక్యం రాయాలి. బడి మొహం చూడని కొండరెడ్డి అవ్వ ఇందులో తప్పితే అది జబ్బా, చదువు లేకపోవడమా? 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల కోసం చేసిన హిందీ పరీక్షలో వాక్యం రాయించడం మాని, ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. నా లెక్కలో అసలు మలుపు ఇదే.

మన దగ్గర జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. అది జిల్లా స్థాయికి దిగింది 1996లో. తొలి జిల్లాల్లో మెదక్ ఒకటి. మన్యానికి ఇప్పుడు 14416 టెలిమానస్ ఫోన్‌లైన్ కూడా ఉంది, సిగ్నల్ దొరికితే.

మన్యంలోని రంపచోడవరంలో డాక్టరు అడగాల్సింది ఇంటివాళ్లను కూడా: పోడు నుంచి వస్తూ అవ్వ దారి తప్పుతోందా? చోడంబలి కాచడం మరిచిందా? ఇది నెమ్మదిగా వచ్చిందా, కొడుకు పోయాక మొదలైందా?

ఇక భాష సంగతి. 2013లో హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేల్చింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో కోయ, సంతలో తెలుగు మాట్లాడే తాతకు ఇదే వర్తిస్తుందా అన్నది చూడాలంటే ముందు అతన్ని కోయలో ప్రశ్నలు అడగాలి.