పావు దాటింది

1970ల తొలినాళ్లు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం. గాలి తీసేసిన గొట్టంలో కాల్షియం ఆవిరి సన్నటి ధారగా సాగుతోంది. దాని మీద దీపం వెలుగు పడుతోంది. ఆ వెలుగు తాగిన పరమాణువు ఒక్కోసారి రెండు కాంతి కణాలను, అంటే ఫోటాన్లను, వదులుతుంది. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఊదా. చెరో దిక్కుకు పోయే ఆ రెండింటి దారిలో వాలుగా పేర్చిన పదేసి గాజు పలకలు. ఫోటాన్ వాటిని దాటనైనా దాటుతుంది, ఆగనైనా ఆగుతుంది. వంద సెకన్లు పలకలు పెట్టి లెక్క, వంద సెకన్లు తీసేసి లెక్క. సెకనుకు ఒక్క జంట కూడా చిక్కదు.

కాపలా కాస్తున్నది ఇద్దరు. ఇంకా ముప్పై నిండని జాన్ క్లాసర్, పరిశోధక విద్యార్థి స్టువర్ట్ ఫ్రీడ్‌మన్.

వాళ్లు తేల్చాలనుకున్న తగువు 1935 నాటిది. గుమ్మఘట్టలో శెనక్కాయలు ఒలిచిన ఎవరికైనా ఐన్‌స్టీన్ వాదన ఇట్టే అర్థమవుతుంది. ఒకే కాయలోని రెండు గింజల్లో ఒకటి రాయదుర్గానికి, రెండోది కళ్యాణదుర్గానికి పంపండి. రాయదుర్గంలో పొట్టు ఎర్రగా కనిపిస్తే రెండోదీ ఎరుపే. రంగు కాయలో ఉన్నప్పుడే ఖాయమైంది. ఎవరూ చూడకముందే గుణం ఉండటం వాస్తవికత. ఇక్కడ చూసినంత మాత్రాన ఆ క్షణాన అక్కడ ఏమీ మారకపోవడం స్థానికత. జంట కణాలూ అంతేనని, క్వాంటమ్ సిద్ధాంతమే అసంపూర్ణమని ఐన్‌స్టీన్ పట్టుబట్టారు.

దాదాపు ముప్పై ఏళ్లు ఇది మాటల తగువుగానే మిగిలింది. 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ దాన్ని లెక్కలోకి దించారు. రెండు నమ్మకాలూ నిజమైతే జంటల పొందికకు ఒక హద్దుంటుంది. బర్కిలీ పరికరం విషయంలో ఆ హద్దు పావు. పలకల మధ్య కోణం 22.5 డిగ్రీలున్నప్పుడు దొరికే జంటల్లోంచి 67.5 డిగ్రీలప్పటివి తీసేసి, పలకలే లేనప్పటి లెక్కతో భాగిస్తే 0.25 మించకూడదు. మించుతుందని క్వాంటమ్ సిద్ధాంతం.

క్లాసర్ మనసు ఐన్‌స్టీన్ వైపే. ఇలాంటి ప్రయోగం వృథా అన్నవాళ్లే ఎక్కువ. చార్లెస్ టౌన్స్ మాత్రం రేడియో ఖగోళ పరిశోధనకు చేర్చుకున్న ఈ కుర్రాడికి సగం సమయం దీనికి వదిలిపెట్టారు. ఆ పెద్దమనసే లేకపోతే ఈ కథే లేదు.

సుమారు 200 గంటల లెక్క పోగైంది. పావు దాటింది. పైన 0.050. అనిశ్చితి 0.008 మాత్రమే. 1972 ఏప్రిల్‌లో ఫలితం అచ్చయింది. క్లాసర్ గెలిపించాలనుకున్న మనిషిని తన చేతి కొలతే ఓడించింది. అయినా ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

తర్వాత 1982లో పారిస్ దగ్గర అలెన్ ఆస్పే, ఫోటాన్లు దారిలో ఉండగానే కొలిచే కోణం మార్చి చూశారు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల ఎడంతో, పాత ప్రయోగాల్లో మిగిలిన పెద్ద లొసుగులు రెండూ ఒకేసారి మూసి చూశారు. హద్దు దాటుతూనే ఉంది.

అయితే కూలిందేమిటి? ఇక్కడే చాలామంది తొందరపడతారు. దూరం నుంచి మంత్రం వేసినట్టు ప్రభావం చేరుతుందని రుజువైపోయిందంటారు. కాలేదు. తేలింది ఒక్కటే: స్థానికత, వాస్తవికత రెండూ కలిసి నిలబడవు. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ దారి వాస్తవికతను ఉంచుకుని స్థానికతను వదులుకుంది. బెల్‌కు ఆ దారి మీదే మక్కువ. నీల్స్ బోర్ బాటలో నడిచేవాళ్లు, కొలవకముందే గుణం ఉందన్న మాటనే వదిలేశారు. ఈ రెండు దారుల్లో ఏది సరైనదో బెల్ హద్దు చెప్పదు. అలాగని జంటల మధ్య ఉండే ఈ ముడితో (ఎంటాంగిల్‌మెంట్) కబురు పంపి కాంతిని ఓడించడమూ కుదరదు.

2022లో క్లాసర్, ఆస్పే, ఇదే దారిలో ప్రయోగాలు చేసిన ఆంటన్ జైలింగర్‌లకు నోబెల్ వచ్చింది. ఫ్రీడ్‌మన్ 2012లోనే పోయారు. చనిపోయినవాళ్లకు ఆ బహుమతి ఇవ్వరు. మన డిగ్రీ కాలేజీల్లో ఈ పాఠం చెప్పే మాస్టార్లూ, క్లాసర్ పేరు పక్కన ఫ్రీడ్‌మన్ పేరు కూడా బోర్డు మీద రాయండి.