పహాణీ గళ్ళు – ఎక్సెల్ గళ్ళు



పదవీ విరమణానంతరం నాకు ద్వితీయ అక్షరాభ్యాసం జరిగింది. స్థలం పరిగిలో ఒక జిరాక్సు సెంటరు. గురువు నా పూర్వ శిష్యుడు. 2020 చివరి మాట. మా ఊరి రైతులు కొందరు తమ భూముల వివరాలన్నీ ఒక పట్టికగా వ్రాసిపెట్టమని కోరారు. చేతివ్రాత కాగితాన్ని ఎవరూ లెక్కచేయరనీ, టైపు చేసినదే కావాలనీ వారి మాట. "సార్, గిదే ఎక్సెల్. భయపడకుండ్రి, ఏం గాదు" అంటూ శిష్యుడు తెర నిండా తెల్లని గళ్ళు తెరిచాడు. "ఇది పహాణీ గదరా!" అన్నాను. వాడికి పరిహాసంగా తోచింది. నేను పరిహాసమాడలేదు.

పహాణీ చూడని మిత్రుల కోసం నాలుగు మాటలు. అడ్డవరుసకొక సర్వే నంబరు, నిలువు వరుసకొక విషయం: విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, వేసిన పంట. ఏటేటా దీనిని పట్వారీ వ్రాసేవాడు. హైదరాబాదు రాష్ట్రంలో 1358 ఫసలీ (1948–49) నాటి హక్కుల రికార్డు నిబంధనల ప్రకారం 1954–55లో తయారైన ఖాస్రా పహాణీని నేటికీ భూవివాదాలలో మూలప్రమాణంగా చూపుతారు. పట్టాదారు గడిలో ఒకరి పేరు, అనుభవదారు గడిలో మరొకరి పేరు ఉండటం అరుదు కాదు. 1950 నాటి కౌలుదారీ చట్టం 'రక్షిత కౌలుదారు' అనే హోదాను కల్పించాక ఆ రెండవ గడికి విలువ పెరిగింది. దానితోపాటు పట్వారీ కలానికీ పెరిగింది. మా తాతగారు కౌలుదారు, వేలిముద్రల మనిషి. ఉర్దూలో వ్రాసిన ఆ పుటలో తన పేరు ఎక్కడుందో, అసలున్నదో లేదో, చాలాకాలం ఆయనకు తెలియదు. (మా ప్రాంతంలో దొర నివాసాన్ని గడీ అంటారు. గడికీ గడీకీ మధ్య దీర్ఘమొక్కటే భేదం!) 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పహాణీ మాత్రం నిలిచింది.

ఇక కంప్యూటరు గళ్ళ పుట్టుక. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి, నల్లబల్లపై లెక్కల పట్టిక వ్రాస్తున్న ఆచార్యుణ్ణి గమనించాడు. ఒక అంకె మారితే దానిపై ఆధారపడినవన్నీ చెరిపి మళ్ళీ వ్రాయవలసి వస్తున్నది. ఆ పని యంత్రమే ఎందుకు చేయరాదని ఆలోచించి, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో ఆపిల్ యంత్రానికి 'విసికాల్క్' తెచ్చాడు. అందులో 63 నిలువు వరుసలు, 254 అడ్డవరుసలు. దశాబ్దాల పాటు నల్లబల్ల తుడిచి సుద్దపొడి పీల్చినవాణ్ణి నేను. నాకా ఊహ రాలేదు సుమా. తరువాత 1983లో లోటస్ వచ్చింది, 1985లో మెకింటాష్ యంత్రంపై ఎక్సెల్ వచ్చింది, 1987లో అది విండోస్‌కు చేరింది. 2007 కూర్పు నుండి ఎక్సెల్ ఒక్కొక్క పుటలో 10,48,576 అడ్డవరుసలు, 16,384 నిలువు వరుసలు. మా ఊరికి అందులో నూరోవంతు అక్కరలేదు.

మొదటిరోజు పాఠం సులభంగానే సాగింది. నిలువు వరుసకు అక్షరం, అడ్డవరుసకు అంకె. రెండూ కలిస్తే గడి పేరు. 'సి' వరుసలో అయిదవది సి5. ఎడమవైపు పైమూలనున్న చిన్న పెట్టె మనమే గడిలో ఉన్నామో చెబుతుంది. దాని ప్రక్కనున్న పొడుగాటి పట్టీ గడిలోపలి అసలు సంగతి చూపుతుంది. సమాన చిహ్నంతో మొదలుపెడితే లెక్క, లేకుంటే ఉత్త వ్రాత. ఇంతవరకు బాగే.

రెండవరోజు సర్వే నంబరు 12/3 అని కొట్టి ఎంటరు నొక్కాను. గడిలో తేదీ ప్రత్యక్షమైంది! గీత గీచిన అంకెలన్నీ తేదీలేనని ఆ మహాయంత్రం అభిప్రాయం. విరుగుడేమంటే, ఆ వరుసను ముందుగానే 'టెక్స్ట్' అని నిర్దేశించాలి, లేదా అంకెకు ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టాలి.

అసలు ముప్పు విస్తీర్ణంలో వచ్చింది. పహాణీలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు గనుక అది రెండున్నర ఎకరాలు. యంత్రానికి అది రెండు పాయింట్ రెండు మాత్రమే. ఒక రైతుకు 2.20, 1.30 అని రెండు తునకలున్నాయి. యంత్రం కూడి 3.50 అన్నది. నిజానికి నాలుగెకరాల పది గుంటలు. శిష్యుడు గమనించలేదు, కంప్యూటరు తప్పు చెప్పదని వాడి నమ్మకం. ఎకరాలకొక వరుస, గుంటలకొక వరుస విడదీసి, ఎకరాలను 40తో గుణించి గుంటలు కలిపే సూత్రం వ్రాశాము. మొదటి గడిలో వ్రాసి, దాని క్రింది మూలనున్న చిన్న చుక్కను పట్టి లాగితే వరుసంతా నిండిపోయింది. ఆ క్షణాన మాత్రం పసివాడినయ్యాను.

పేర్లను అకారాది క్రమంలో పెట్టమంటే కళావతిని ముందుంచి కవితను తరువాత ఉంచింది. మన వర్ణమాలలో 'ళ' హకారం తరువాతిది. యూనికోడులో 'ల' వెంటనే వస్తుంది. పండితుణ్ణి గనుక కాసేపు గొణిగి ఊరుకున్నాను.

చివరిరోజు నిలువు వరుసను తొలగించడం నేర్పాడు. తలపైనున్న అక్షరంపై కుడిమీట నొక్కి 'డిలీట్' అంటే చాలు, వరుస మాయం. ప్రక్క వరుస జరిగి దాని అక్షరాన్నే ధరిస్తుంది. ఖాళీ అన్నది కనబడదు. నేను చేయి వెనక్కు తీసుకున్నాను. ఆ అక్టోబరు 29ననే ధరణి ప్రారంభమైంది. అందులో అనుభవదారు గడి లేదు. మా ఊరివారు పట్టిక వ్రాయించుకుంటున్నది అందుకే. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆ పట్టిక కాగితాలు ఇప్పటికీ వారి సందుకల్లో ఉన్నాయి.

కంట్రోల్, జడ్ కలిపి నొక్కితే పోయిన వరుస తిరిగి వస్తుందని శిష్యుడు ధైర్యం చెప్పాడు. నొక్కి చూశాను, వచ్చింది. అప్పుడు 'ఇ' వరుసపై 'అనుభవదారు' అని వ్రాసి, క్రింద మొట్టమొదటి గడిలో మా తాతగారి పేరు కొట్టాను.