వైమానికురాలు ప్రేమ్ మాథుర్



సిద్ధుల గుట్ట చుట్టును పసుపు పండించు మన ఆర్మూరు ప్రాంతమువారికి ఆకాశగమనమను మాట క్రొత్తది కాదు. ఉషాపరిణయ కథ నెరుగనివారు మనలో అరుదు. అందు చిత్రరేఖ రాజకుమారుల రూపములను పటమున వ్రాసి చూపి, పిదప ఆకాశమార్గమున ద్వారకకు పోయి, నిద్రించుచున్న అనిరుద్ధుని శోణపురమునకు గొనివచ్చినది. ఆడుది ఆకాశమున నెట్లు పోవునని ఆ కథ వినినవా రెవ్వరును ఆక్షేపింపలేదు. కాని నిజముగా విమానము నడుపనెంచిన స్త్రీని మాత్రము పెక్కుమంది ఆక్షేపించిరి. అట్టి యొకరి చరిత్రము మన హైదరాబాదుతో ముడిపడియున్నది. దానిని నేడు విన్నవించెదను.

విమానము నడుపుటకు లైసెన్సు పొందిన ప్రథమ మహిళ ఫ్రాన్సు దేశీయురాలగు రేమాండ్ ద లారోష్. అది 1910వ సంవత్సరము. మన దేశమున 1936లో సరళా ఠక్రాల్ అను యువతి, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, లాహోరులో చీర కట్టుకొనియే జిప్సీ మాత్ అను చిన్న విమానమును ఒంటరిగా నడిపినది. 1939లో ఆమె భర్త విమాన ప్రమాదమున మరణించెను. అంతలో ప్రపంచ యుద్ధము వచ్చి, జీతమునకు విమానము నడుపుటకు వలయు శిక్షణ ఆమెకు దొరకకపోయెను.

ఇచట నొక భేదము గమనింపవలెను. తనంతట తాను విమానము నడుపుకొనుటకు ఒక లైసెన్సు చాలును. వేతనము గైకొని ప్రయాణికులను గొనిపోవుటకు అంతకంటె కఠినమైన వేరొక లైసెన్సు కావలెను. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బున శిక్షణ పొందిన ప్రేమ్ మాథుర్ ఈ రెండవ లైసెన్సును 1947లో సంపాదించినది. లైసెన్సు చేతనుండినను ఉద్యోగము దొరకలేదు. స్త్రీ యను కారణమున ఎనిమిది విమాన సంస్థలు ఆమెను నిరాకరించినవి.

ఆమెకు చోటిచ్చినది హైదరాబాదులోని డక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వమును టాటావారును కలసి 1945లో స్థాపించిన ఆ సంస్థ, బేగంపేట విమానాశ్రయమునుండి డకోటా విమానములను నడుపుచుండెను. ఆ విధముగా, వేతనమునకు విమానము నడిపిన ప్రథమ భారతీయ మహిళకు ఉద్యోగమిచ్చిన గౌరవము మన హైదరాబాదునకు దక్కినది.

అయితే చరిత్ర ఇంతటితో ముగియలేదు. డకోటాలో వైమానికులకు రెండు ఆసనము లుండును. ఎడమవైపు కూర్చుండు కమాండరుదే సర్వాధికారము. కుడివైపు కూర్చుండువారు సహాయకులు. ప్రేమ్ మాథుర్‌కు లభించినది సహాయకురాలి పదవి. కమాండరగుటకు వలయు గంటలు ఎగిరి చూపినను, సంస్థ ఆమెకు ఆ యధికార మీయలేదు. ఆమె సామర్థ్యమునకు సాక్ష్యము కావలెనన్నచో, 1949నాటి జాతీయ విమాన పందెమున ఆమె పొందిన విజయము చాలును. తుదకు ఆమె హైదరాబాదు విడిచి ఢిల్లీ చేరి, కొంతకాలము ఘనశ్యామదాస్ బిర్లాగారి సొంత విమానమును నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సున ప్రవేశించినది. ఆ యేడే డక్కన్ ఎయిర్‌వేస్ కూడ ఇతర సంస్థలతోబాటు అందే విలీనమయ్యెను.

హైదరాబాదు చేసిన మేలును మరువరాదు. అచటనే జరిగిన లోపమును దాచరాదు. మన పసుపు బేరమున కొమ్మును విరిచి లోపలి రంగు చూచి వెల కట్టుదురు. పండించినది మగవాడా, ఆడుదా యని తక్కెడ యడుగదు. ప్రేమ్ మాథుర్ విషయమున కొమ్ము విరిచి చూచిరి, రంగు మంచిదనిరి, తగిన వెల మాత్ర మీయలేదు.

ఇట్టి లోపము విమానములకే పరిమితమైనది కాదు. కూతును చదివింతుము, కోడలిచే పసుపు తవ్వించి ఉడికింప జేయుదుము; పంట అమ్ముట, అప్పు తెచ్చుట, భూమి పంచుట అను విషయములలో వారి మాట యడుగు ఇండ్లెన్ని?

నేడు మన దేశమున వైమానికులలో నూటికి పదిమందికి మించి స్త్రీలే. ఇది లోకమున మిక్కిలి యెక్కువ యగు పాళ్లలో నొకటి. మన జిల్లాలోని పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014లో, పదమూడేండ్ల ప్రాయమున, ఎవరెస్టు శిఖరము నెక్కినది. ఇట్టివారి కథలు బాలలకై బొమ్మల పుస్తకములుగా వెలువడుచున్నవి; అది సంతోషకరము. అందు కడపటి బొమ్మ తఱచుగా విజయమును చూపును. మీ మనుమరాలు అట్టి పుస్తకమును మీ యొడిలో కూర్చుండి చదువునపుడు, ప్రేమ్ మాథుర్ కూర్చున్న కుడివైపు ఆసనమును గూర్చియు, ఆమె కీయని ఎడమవైపు ఆసనమును గూర్చియు చెప్పుడు. అది యేల ఈయలేదని ఆ పిల్ల తప్పక అడుగును. దానికి మీ యింట మీరేమి సమాధానము చెప్పగలరో ముందుగా యోచించి యుంచుకొనుడు.