పాటలు పండిన వీధి

పోర్టాల్బా తోరణం కింద పాత పుస్తకాల కొట్లు ఒక్కొక్కటే షట్టర్లు ఎత్తుతున్నాయి. అక్టోబరు ఉదయం, తొమ్మిది దాటింది. తోరణం దాటి నాలుగడుగులు వేశామో లేదో బెల్లీని కూడలి. మధ్యలో నేల తవ్వి అలాగే వదిలేశారు. ఇనుప కమ్మీ పట్టుకుని వంగి చూస్తే క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటి గ్రీకు కోటగోడ బండలు, వాటి సందుల్లో గడ్డి, రాత్రి ఎవరో విసిరిన ఖాళీ సీసా. పైన పీఠం మీద ఒపేరా స్వరకర్త విన్చెంజో బెల్లీని విగ్రహం. సిసిలీలోని కతానియా నుంచి 1819లో, పద్దెనిమిది నిండకముందే, సంగీతం చదువుకోవడానికి నేపుల్స్ వచ్చాడు. ముప్పై నాలుగు నిండకముందే పారిస్ దగ్గర పోయాడు.

కుడిచేతి సందులోకి ఓసారి తొంగి చూద్దాం. పేరు వియా సాన్ సెబాస్తియానో. గుమ్మాలకు గిటార్లు వేలాడుతున్నాయి, అద్దాల వెనక మాండలిన్లు, డప్పులు. ఒక కొట్టు ముందు ముసలాయన స్టూలేసుకుని మాండలిన్‌కు తీగ మారుస్తున్నాడు. బిరడా తిప్పుతాడు, బొటనవేలితో మీటుతాడు, మొహం చిట్లిస్తాడు, మళ్లీ తిప్పుతాడు. ఆయన మోకాళ్లను రాసుకుంటూ స్కూటరు వెళ్లినా తల ఎత్తడు. బెల్లీని చదివిన కళాశాల అప్పట్లో ఇక్కడే, సాన్ సెబాస్తియానో మఠంలో ఉండేది. 1826లో దాన్ని సాన్ పియెత్రో ఎ మయెల్లా మఠానికి మార్చారు. అదీ పిలిస్తే పలికేంత దూరమే కాబట్టి ఈ సందుకు బేరాల లోటు లేదు.

ఆ మఠంలోకే వెళ్దాం. ద్వారం దాటగానే స్తంభాల వసారాలు, నడుమ తోట, తోటలో బీథోవెన్! ఫ్రాన్చెస్కో యెరాచె మలిచిన విగ్రహం. సొంత సంగీతకారులను ఇంతమందిని కన్న ఊరు జర్మన్ పెద్దమనిషికి ముంగిట్లో పీట వేయడం నాకు చిత్రంగానే తోస్తుంది. పై అంతస్తు కిటికీలు తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లోంచి సొప్రానో గొంతు ఒకే పై స్వరాన్ని అందుకోబోయి పదేపదే జారుతోంది. పక్క గదిలో పియానో ఆమె ఊసే పట్టనట్టు పరుగులు తీస్తోంది. ఇంకెక్కడో క్లారినెట్. వసారాలో సెల్లో పెట్టెకు ఆనుకుని ఒకమ్మాయి బుల్లి గ్లాసులో కాఫీ తాగుతూ ఫోన్‌లో చైనా భాషలో మాట్లాడుతోంది. 1999 నాటి చట్టం ఇటలీ కన్సర్వేటరీలను, అంటే ఇలాంటి సంగీత కళాశాలలను, విశ్వవిద్యాలయాల సరసన కూర్చోబెట్టింది. 2009లో చైనా విద్యార్థుల కోసం ‘తురందోత్’ పేరుతో ప్రత్యేక ప్రవేశమార్గం తెరిచారు. పెకింగ్ కథతో పుచ్చీని రాసిన ఒపేరా పేరు అది. ఇప్పటి ప్రపంచానికి తెలిసిన పేరు కావాలంటే, వాద్యబృంద నిర్దేశకుడు రికార్దో ముతి ఈ గదుల్లోనే పియానో నేర్చాడు.

గ్రంథాలయం వేరే లోకం. 18వ శతాబ్దం చివర, ఊళ్లో ఏ నాటకశాల కొత్త ఒపేరా ఆడినా దాని నకలు ఒకటి ఇక్కడ దాఖలు చేయాలని ఉత్తర్వు వచ్చింది. పెర్గోలేసి, చిమరోజా, పైసియెల్లో, బెల్లీని చేతిరాతలు ఈ బీరువాల్లో ఉన్నాయి. స్త్రాదివారి వయొలిన్ల సంగతి అందరికీ తెలుసు. ఆయన 1681లో చేసిన చిన్న హార్ప్ కూడా ఈ కన్సర్వేటరీ సొత్తే. బెల్లీని సహాధ్యాయి ఫ్రాన్చెస్కో ఫ్లోరిమో 1826లో ఈ గ్రంథాలయం తాళాలు అందుకుని 1888లో పోయేదాకా వదల్లేదు. స్నేహితుడి కాగితాలన్నీ దాచాడు. పరువుకు భంగమనుకున్న ఉత్తరాలను మాత్రం కాల్చేశాడని చెబుతారు.

ఇదే ఫ్లోరిమో ఒకసారి ఒపేరా స్వరకర్త వెర్దీకి గాలం వేశాడు. 1832లో మిలాన్ కన్సర్వేటరీ పద్దెనిమిదేళ్ల వెర్దీని చేర్చుకోలేదు. వయసు మించింది, పియానో మీద చేయి పెట్టే తీరు బాగాలేదు అంది. అప్పుడు వెర్దీకి ఇంటి దగ్గర పాఠం చెప్పినవాడు విన్చెంజో లవీన్యా, నేపుల్స్‌లో ఫెదేలె ఫెనరోలి శిష్యుడు. మిలాన్ తలుపు మూస్తే నేపుల్స్ చదువు దొడ్డిదారిన ఆ కుర్రాడికి అందిందన్నమాట. 1870 డిసెంబరులో ఇక్కడి డైరెక్టరు మెర్కదాంతె పోయాక, ఆ కుర్చీలో కూర్చోమని ఫ్లోరిమో వెర్దీని అడిగాడు. 1871 జనవరిలో వెర్దీ మర్యాదగానే కాదన్నాడు. ఇక మిలాన్ కన్సర్వేటరీ బోర్డు మీద ఈనాడున్న పేరు ఎవరిదనుకున్నారు? చేర్చుకోని కుర్రాడిదే.

బయటికొచ్చి తూర్పుకు తిరుగుదాం. గ్రీకులు గీసిన తిన్నని వీధి ఇది, ముందుకు పోయేకొద్దీ పేరు వియా దెయి త్రిబునాలి. ఎంత ముందుకు నడిస్తే కాలంలో అంత వెనక్కి పోతాం. కాగే నూనెలో పిజ్జా ముద్ద ఉబ్బుతున్న చప్పుడు, నిమ్మకాయల వాసన, నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి తాడుకట్టి దించిన బుట్ట. కింద కూరగాయలాయన బుట్ట నింపి అరుస్తాడు, పైనుంచి ఆవిడ అంతకన్నా గట్టిగా అరుస్తుంది. ఈ ఊళ్లో మెల్లగా మాట్లాడితే వినపడదు.

కొంత దూరంలో గిరొలామీని గుడి. దానికెదురుగా 1589లో మార్చెల్లో ఫొస్సతారో అనే సన్యాసి వీధిపిల్లల కోసం ఒక శరణాలయం పెట్టాడు. పేరు ‘యేసుక్రీస్తు పేదలు’. అలాంటివి ఊళ్లో నాలుగు, నాలుగూ 16వ శతాబ్దంలో వెలిసినవే. కన్సర్వేటరీ అంటే మొదట ఇదే: తల్లీతండ్రీ లేనివాళ్లను, ఆకలికి అడుక్కుతినేవాళ్లను పోగేసి ఇంత గంజి పోసి, బతకడానికో పని నేర్పే చోటు. ఆ పనుల్లో పాట ఒకటి. అది మిగతావాటికన్నా బాగా డబ్బు తెస్తుందని పెద్దలు చూస్తుండగానే తేలింది. గుళ్లు వందలు, ఉత్సవాలు రోజూ. పాటగాళ్లను అద్దెకు అడగని వారం లేదు. 17వ శతాబ్దం తిరిగేసరికి అనాథాశ్రమాలు సంగీత విద్యాలయాలయ్యాయి. ఎర్ర అంగీ మీద నీలి వస్త్రం కప్పుకున్న ఈ బడి పిల్లల్లో 1720లలో యేజీ ఊరి నుంచి వచ్చిన పెర్గోలేసి ఒకడు. 1736లో పొజ్జువోలిలో చనిపోయేనాటికి అతనికి ఇరవై ఆరేళ్లు. 1743లో ఈ బడి మూసి, పాదిరీలకు చదువు చెప్పే చోటు చేశారు.

ఇంకాస్త ముందుకు పియో మోంతె దెల్లా మిజెరికోర్దియా. లోపల వేదిక పైన కరవాజ్జో 1607లో వేసిన బొమ్మ, ఏడు దయాకార్యాలు. ఆకలన్నవాడికి అన్నం, బట్టలేనివాడికి బట్ట, అన్నీ ఒకే ఇరుకు సందులో, ఒకే రాత్రి జరుగుతున్నట్టు. కుడివైపు దీపం వెలుగులో మలుపు తిరిగి వస్తున్న శవం, దానివి పాదాలు మాత్రమే కనిపిస్తాయి. ఈ పాదాల ముందు పాడటానికే శరణాలయాల పిల్లలకు దేవదూతల వేషం కట్టి శవయాత్రలకు పంపేవారు. రుసుము శరణాలయానికి. దయ, బేరం ఈ ఊళ్లో ఎప్పుడూ కలిసే నడిచాయి.

వీధి చివర కోట, కస్తెల్ కపువానా. ఇప్పుడు క్యాలెండరు తిప్పండి: 1770 అక్టోబరు 31, బుధవారం. ఇంగ్లండు నుంచి వచ్చిన సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ ఈ పేటలోని సాంతొనొఫ్రియో కన్సర్వేటరీలో అడుగుపెడుతున్నాడు. వెనకే మనం. మొదటి మెట్ల వరస మీద ఒక కుర్రాడు బుగ్గలు పగిలేలా ట్రంపెట్ ఊదుతున్నాడు. రెండో వరస మీద ఇంకొకడు, కొమ్ముతో. వీళ్లను మెట్ల మీదికో మేడ మీదికో తోసేస్తారు, గదిలో భరించలేక.

గదిలోకి రండి. ఏడెనిమిది హార్ప్సికార్డులు, అంతకు మించి వయొలిన్లు, పాడే గొంతులు. ఎవరి పాట వారిది, ఎవరి శ్రుతి వారిది. పిల్లలు పడుకునే మంచాలే కూర్చునే బల్లలు. ముప్పై నలభై మంది సాధన చేస్తుంటే, ఒకే పాట వాయిస్తున్నవాళ్లు బర్నీకి ఇద్దరే దొరికారు. ఈ రొదలోనే కొందరు కూర్చుని స్వరాలు రాస్తున్నారు. సెల్లోలకు ఇంకో గది, పిల్లనగ్రోవులకు, ఓబోలకు మరోటి.

మంచం అంచున కూర్చుని హార్ప్సికార్డు వాయిస్తున్న ఈ పదేళ్లవాణ్ని చూడండి. ముందున్న కాగితం మీద మంద్రస్వరాలు మాత్రమే ఉన్నాయి, ఒకే వరస. దాన్ని పార్తిమెంతో అంటారు. ఎడమచేయి ఆ వరస వాయిస్తుంటే పైన ఏ స్వరాలు పలకాలో కుడిచేయి అక్కడికక్కడ తేల్చుకోవాలి. మనలో కల్పనస్వరం వేసేవారికి ఆ కుర్రాడి గుండెదడ చప్పున తెలుస్తుంది: సూత్రం పుస్తకంలో ఉంటే లాభం లేదు, వేళ్లలో ఉండాలి. వాడు తప్పు పలికించగానే పక్కన నిలబడ్డ పెద్ద కుర్రాడు మెడ మీద ఒకటి తగిలిస్తాడు. చిన్నవాళ్లకు పాఠం చెప్పే ఈ పెద్ద విద్యార్థుల పేరు మస్త్రిచెల్లి. అసలు గురువులు అప్పుడప్పుడూ వచ్చిపోతారు, రోజువారీ అరగదీత వీళ్లది. చిన్నప్పుడే చేరితే ఎనిమిదేళ్లు కట్టుబడాలి. చలికాలంలో తెల్లవారడానికి రెండు గంటల ముందే లేపుతారు. భోజనానికి గంటన్నర పోను, రాత్రి ఎనిమిదింటిదాకా ఇదే పని.

పై అంతస్తులో వేరే గదులున్నాయి, కిందివాటికన్నా వెచ్చనివి. అక్కడ పదహారు మంది కుర్రాళ్లు. గొంతు మగగొంతుగా మారకుండా చిన్నప్పుడే వాళ్ల వృషణాలు తీసేశారు. చట్టం ఒప్పుకోని పని. ఏ ఊళ్లో చేయించారని బర్నీ ఎక్కడ అడిగినా, ఇక్కడ కాదు, ఫలానా చోట అన్నారు. జలుబు చేస్తే గొంతు పాడవుతుందని వీళ్లకు వెచ్చదనం. ఈ ఇంట్లో అందరికన్నా బాగా చూసుకునేది వీళ్లనే అన్నమాట, నాకు అన్నిటికన్నా మింగుడుపడనిదీ అదే. వీళ్లలో ఒకరిద్దరు సాన్ కార్లో నాటకశాల దాకా వెళ్తారేమో, మిగిలినవాళ్ల గతి ఏమిటో ఎవరూ అడగరు.

బర్నీ పెదవి విరుస్తున్నాడు. ఇంత గోలలో ఎవరి భాగం వారు బెదరకుండా పట్టుకుంటారు, నిజమే, కానీ నాజూకుతనం ఎక్కడి నుంచి వస్తుందని ఆయన బాధ. ఆయన మాట కొట్టేయలేను. కానీ ఈ ఊరికి కావలసింది ఆ నాజూకు మాత్రమే కాదు. 1737లో తెరిచిన సాన్ కార్లోకు ఏటా కొత్త ఒపేరాలు కావాలి, గుడికి రేపటికి ఒక కీర్తన కావాలి. పక్కన మిన్ను విరిగి పడుతున్నా కలం ఆగనివాడు కావాలి. ఈ మంచాల మీద కూర్చుని చదివినవాడే పైసియెల్లో. ముప్పై ఏళ్ల వాడు, ఇప్పుడు ఊళ్లో అతని ఒపేరాలకు జనం ఎగబడుతున్నారు.

కింద ఎవరో కేకేస్తున్నారు. ఊరేగింపుకు పాటగాళ్లు కావాలట, వెంటనే. నలుగురు కుర్రాళ్లు మంచాల కింద చెప్పులు వెతుక్కుని, తెల్ల అంగీలు తగిలించుకుంటూ మెట్లు దూకేస్తున్నారు. ట్రంపెట్ కుర్రాడు వాళ్లకు దారిచ్చేందుకు గోడకు ఒదిగాడు గానీ ఊదడం ఆపలేదు.