నొప్పి, కుంగుబాటు: పరిశోధన నడిచిన దారి

కొత్తకోట వంటి పాలమూరు ఊళ్ల వాడుకలో తల ‘నొస్తది’. మాట పడితే మనసూ ‘నొస్తది’. ఈ రెండు బాధలను వైద్యశాస్త్రం వేర్వేరు విభాగాలకు పంచింది. వాటిని తిరిగి ఒకచోట చేర్చిన పరిశోధనలో దక్షిణ భారతదేశానికి గణనీయమైన పాత్ర ఉన్నది.

మదురై వైద్య కళాశాలలో మనోవైద్య ఆచార్యులైన ఎ. వెంకోబరావు దీర్ఘకాలం కుంగుబాటును అధ్యయనం చేశారు. ఆత్మహత్యకు యత్నించి ఆసుపత్రిలో చేరిన 114 మందిపై 1965లో, కుంగుబాటుకు లోనైన 30 మందిపై 1966లో ఆయన విశ్లేషణలు వెలువడ్డాయి. భారతీయ రోగులు దేహబాధలే చెప్పుకొంటారని, వారిలో అపరాధ భావన అరుదని నాడు ప్రబలిన అభిప్రాయం. ఆ నేపథ్యంలో 1973లో ఆయన అపరాధ భావనకూ భారతీయ సంస్కృతికీ గల సంబంధాన్ని చర్చకు తెచ్చారు.

దేహబాధలే ముందుకు రావడానికి గల సామాజిక కారణాన్ని బెంగళూరులో ఆర్. రఘురామ్, మిచెల్ వైస్ బృందం 1996లో సూచించింది. కుంగుబాటు లక్షణాలు హెచ్చినవారిలో లోకనింద భయం హెచ్చుగాను, దేహ లక్షణాలు హెచ్చినవారిలో తక్కువగాను కనిపించింది. నొప్పిని నలుగురిలో చెప్పుకోవచ్చు. దిగులును దాచుకోవలసి వస్తుంది.

మెదడు వైపు నుంచి ఇదే ప్రశ్నను మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాన్-కార్ జుబియెటా చేపట్టారు. దవడ కండరపు నొప్పిని భరిస్తున్న ఆరోగ్యవంతులను ఆయన బృందం పెట్ స్కాన్‌తో పరిశీలించింది. మెదడులోనే విడుదలయ్యే ఓపియాయిడ్ రసాయనాలకు నొప్పి తీవ్రతతోనే గాక, దానివల్ల కలిగే వేదనతోనూ సంబంధం ఉన్నదని 2001లో వెల్లడించింది. కుంగుబాటు రోగులకు ఉత్తుత్తి మందుతో కలిగే ఉపశమనంలోనూ ఈ వ్యవస్థకు పాత్ర ఉన్నదని 2015 నాటి అధ్యయనం చూపింది.

కనుక ‘ఒళ్లంతా నొస్తది’ అన్న రోగిని నొప్పి మాత్రతోనే పంపివేస్తే కుంగుబాటు గుర్తింపునకు రాకపోవచ్చు. దాని మూల్యం ప్రాణం కావచ్చునన్నదే మదురై అధ్యయనాలు మిగిల్చిన హెచ్చరిక.