ఢిల్లీ నగరము - కాందిశీకులు

ఢిల్లీ చరిత్రమును వ్రాసినవారు సాధారణముగా రాజవంశముల వరుసను వ్రాసిరి. తోమరులు, చౌహానులు, సుల్తానులు, మొగలులు, ఆంగ్లేయులు - వీరిలో ఎవరు ఏ కోట కట్టిరి, ఎవరు ఏది కూల్చిరి అనునదే అందు ప్రధానము. కాని 1947 తరువాతి ఢిల్లీకి రూపమిచ్చినది ఇల్లు విడిచి వచ్చిన సామాన్య జనము. ఆ జనమునకు చోటు చూపుటలో ప్రభుత్వమే తన స్వరూపమును మార్చుకొనవలసి వచ్చినది.

1911లో రాజధానిని కలకత్తానుండి ఇచటికి మార్చుచున్నట్లు ప్రకటించునాటికి ఢిల్లీ ప్రాంతపు జనసంఖ్య 4 లక్షల 14 వేలు. 1941లో అది 9 లక్షల 18 వేలు. 1951లో 17 లక్షల 44 వేలు. పదేండ్లలో ఇంచుమించు రెట్టింపైన ఈ సంఖ్య వెనుక మరింత లోతైన మార్పు దాగియున్నది. పశ్చిమ పంజాబు, సింధు, వాయవ్య సరిహద్దు రాష్ట్రములనుండి సుమారు 5 లక్షలమంది కాందిశీకులు నగరము చేరిరి. 3 లక్షలకు పైగా ముస్లిములు నగరమును విడిచిపోయిరి. 1941లో జనాభాలో మూడవవంతుగా నున్నవారు 1951 నాటికి ఇరువదింట ఒక వంతుగా మిగిలిరి. నగరము పెరిగినదనుటకన్న, ఒక నగరము పోయి దాని స్థానమున మరియొకటి వచ్చినదనుట సత్యమునకు సమీపము.

1947 శరత్కాలమున కింగ్స్‌వే శిబిరములో వచ్చినవారుండిరి. పురానా కిలాలోను, హుమాయూను సమాధి ఆవరణములోను పోవలసినవారుండిరి. ఇరువురి దుఃఖమును ఒక్కటే. కాని ఒకరి ఖాళీ యిల్లు మరియొకరికి ఆశ్రయమైనది. 1948 జనవరి 13న గాంధీజీ నిరాహారదీక్ష పూనినపుడు, ఆక్రమించిన మసీదులను విడిచిపెట్టవలెననుట ఆయన కోరిన వానిలో ఒకటి. అది చలికాలము. మసీదులో తలదాచుకొన్న తల్లిని, బిడ్డను ఎచటికి పొమ్మనవలెను? న్యాయమునకును కరుణకును నడుమ ఏర్పడిన ఈ చిక్కు ఏ శాసనముచేతను పూర్తిగా విడివడునది కాదు. నగర నాయకులు మాట ఇచ్చిన పిమ్మట 18వ తేదీన దీక్ష ముగిసినది. 27న ఆయన మెహ్రౌలీ దర్గాకు పోయెను. మూడు దినములకు హతుడయ్యెను.

ప్రభుత్వము పునరావాసమును ప్రత్యేక శాఖగా నెలకొల్పినది. రాజేంద్రనగరము, పటేల్‌నగరము, లజపతినగరము మొదలగు వాడలు వెలసినవి. ఫరీదాబాదులో సరిహద్దు రాష్ట్రమునుండి వచ్చినవారు తామే కూలికి నిలిచి తమ పట్టణమును కట్టుకొనిరి. పగలు కొలువు చేసి సాయంకాలము చదువుకొనువారికై క్యాంపు కళాశాల ఏర్పడినది. 1952లో కాల్కాజీలో దేశబంధు కళాశాల వచ్చినది. వెడలిపోయినవారి ఆస్తుల నిర్వహణకు 1950లోను, వచ్చినవారి నష్టపరిహారమునకు 1954లోను శాసనములు చేయబడినవి. 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ, 1962లో నగరమునకు బృహత్ప్రణాళిక ఈ ఒత్తిడి ఫలితములే.

సాహిత్యమునందును ఈ రాకపోకలు స్పష్టము. ‘సాకీ’ పత్రికా సంపాదకుడు షాహిద్ అహ్మద్ దెహ్లవీ కరాచీకి తరలిపోయెను; ఆయనతోపాటు పాతనగరపు ఉర్దూ నుడికారము కొంత తరలిపోయినది. లాహోరునుండి అమృతా ప్రీతమ్, రావల్పిండినుండి భీష్మ సాహ్నీ ఢిల్లీ చేరిరి. విభజననాటి మారణకాండపై సాహ్నీ వ్రాసిన ‘తమస్’ నవలకు 1975లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. స్వరాష్ట్రమును పోగొట్టుకొన్న సింధీ భాషకు 1967లో రాజ్యాంగపు ఎనిమిదవ అనుబంధమున చోటు దొరకినది. భూభాగము లేని భాషను రాజ్యాంగము గుర్తించుటకు కారణము వలసయే.

వలస పోయినవాడు మొదట కూటిని, పిదప గూటిని, ఆ పైని తన మాటను వెదకును. ఉద్యోగములకై ఢిల్లీ చేరిన తెలుగువారు కాందిశీకులు కారు. అయినను పిల్లల నోట తల్లిభాష నిలుచునా అను భయము వారిని విడువలేదు. 1948లో దుర్గాబాయి ప్రారంభించిన ఆంధ్ర విద్యాసంఘము ఆ భయమునకు సమాధానము.

తరువాతి వలస మరియొక తీరుది. 1961లో 26 లక్షల 59 వేలున్న జనసంఖ్య 2011 నాటికి 1 కోటి 68 లక్షలైనది. 1985లో జాతీయ రాజధాని ప్రాంతపు ప్రణాళికా మండలి ఏర్పడినది. ఉత్తరప్రదేశ్, బీహారు, రాజస్థానులనుండి వచ్చిన శ్రామికులు మేడలు కట్టి గుడిసెలలో నివసించిరి. 1947లో వచ్చినవానిని బాధితుడని పిలిచిన రాజ్యము వీరిని ఆక్రమణదారులని పిలిచినది. అత్యవసర పరిస్థితి కాలమున, 1975-77లలో, వేలాది గుడిసెలు కూలినవి. వారు ఊరి అంచులకు తరలింపబడిరి. 2020 మార్చిలో మహమ్మారి కారణముగ దేశమంతయు మూతపడినపుడు ఆనందవిహారు బస్సు నిలయమున గుమిగూడినవారును, రహదారులపై నడచిపోయినవారును వీరే.

కాందిశీకుని చేత పోయిన పొలమునకో, ఇంటికో దస్తావేజు ఉండెను. దాని విలువను బట్టి పరిహారము కట్టబడినది. శ్రామికునకు పోగొట్టుకొన్నదానికి కాగితము లేదు. కరవు, అప్పు, ముక్కలైన కమతము ఏ పట్టికలోను చేరవు. జనము పెరుగుటచే రాజ్యము బలహీనపడదని ఢిల్లీ 1947 తరువాతి పదేండ్లలో నిరూపించినది. వచ్చినవాడు మనవాడని ఒప్పుకొన్న నాడు బడి, ఇల్లు, శాసనము వెంట వచ్చినవి. ఒప్పుకొనని నాడు నగరము అతని చేత కట్టించుకొని, అతనిని వెలుపలనే ఉంచినది.