వాలుగ వేట: కర్ర, చరఖా

సంక్రాంతి దినములలో హైదరాబాదు పాతనగరపు మిద్దెలవైపు చూచినచో ఒక విద్య కనబడును. రెండు గాలిపటములకు పేంచ్ పడినప్పుడు చేయి తిరిగినవాడు దారమును మొండిగా బిగబట్టడు. చరఖా పట్టుకొన్న తమ్ముని వంక చూచి "ఢీల్, ఢీల్" అని కేకవేయును. దారము సర్రున సాగును, పటము నిలుచును. పెద్ద చేపను గాలముతో పట్టుటలోని మర్మమంతయు ఈ ఢీలులోనే కలదు. బరువైన వేటకు సామగ్రి కొనబోవువారు అంగడిలో ముందుగా కర్రను వంచి చూతురు. అది పొరపాటు, ముందు చూడవలసినది చరఖాను, అనగా రీలును. ఇట్లనుటకు కారణము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

గాలపు వేటను గ్రంథస్థము చేసినవారిలో మనకు సమీపుడు కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు. ఆయన రాజధాని కల్యాణి నేటి బసవకల్యాణము. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. 12వ శతాబ్ది పూర్వార్ధమున వెలసిన ఆయన మానసోల్లాసములో రాజవినోదముల నడుమ మత్స్యవినోదమునకును చోటు కలదు. సుమారు 35 రకముల చేపలను పొలుసు కలవి, లేనివి అనియు, సముద్రమువి, నదులవి అనియు విడదీసి, వేటినెట్లు మేపి మచ్చిక చేయవలెనో, ఎట్టి సాధనములతో పట్టవలెనో అందు వివరింపబడినది. చేపల శాస్త్రమున ప్రఖ్యాతుడైన సుందరలాల్ హోరా 1951లో ఈ అధ్యాయముపై వ్యాసము ప్రకటించెను. పాలనాభారము మోయు చక్రవర్తి చేపకు ఏ మేత రుచియో వ్రాయుటకు తీరిక చేసికొనెనన్న మాట, గాలము వేయువారిని సోమరులని నిందించువారు వినదగినది.

రీలు పుట్టుక వేరొక దేశపు కథ. చీనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతమున వ్రాసిన చిత్రములో పడవపై ఒంటరిగా కూర్చున్న జాలరి కర్రకు చిన్న చక్రము స్పష్టముగా కనబడును. ఇంగ్లండులో దాని ప్రస్తావన 1651లో థామస్ బార్కరు గ్రంథమున వచ్చినది.

ఇక చేప మాట. మన నదులలో, చెరువులలో మీసము గల పెద్ద చేపలలో ముఖ్యమైనది వాలుగ. పొలుసు లేదు, శరీరము పొడవుగా, అడ్డముగా నొక్కినట్లుండును, నోరు కన్నును దాటి చీలియుండును. ఆరడుగుల వరకు పెరుగుననియు గ్రంథములు చెప్పుచున్నవి. ఆంగ్లేయులు దీనికి "మంచినీటి సొర" అని పేరు పెట్టిరి. విశాఖపట్టణమున నివసించి మన తీరపు మత్స్యములను పరిశీలించిన వైద్యుడు పాట్రిక్ రసెలు 1803లో లండనునందు రెండు సంపుటములుగా 200 చేపల చిత్రములను వెలువరించినప్పుడు, జాలరుల నోట విన్న తెలుగు పేర్లనే వాటికి వ్రాసికొనెను. వాలుగ కూడ అట్లే ఆ పుటలకెక్కినది. నేడు లోకమంతట శాస్త్రజ్ఞులు ఈ చేపను "వాలగో" అనుచున్నారు. బెర్లినులోనైనను టోకియోలోనైనను ఆ సీసాపై అంటించిన చీటీలో ఉన్నది మన మాటయే.

రసెలు గ్రంథము వెలువడిన కొలది ఏండ్లకే పాతనగరపు నైరుతి దిక్కున మీర్ ఆలం చెరువు సిద్ధమైనది. నిజాము దివాను మీర్ ఆలం పేర వెలసిన ఆ ఆనకట్ట 21 అర్ధవృత్తాకారపు కమానుల వరుస. ఉస్మాన్‌సాగరము (1920), హిమాయత్‌సాగరము (1927) రాకముందు నగరమునకు త్రాగునీరిచ్చినది. తెలంగాణపు చెరువులలో చేపలు పట్టు వృత్తి గంగపుత్రులది, ముదిరాజులది. వారి బ్రతుకుతెరువు వల. గాలము దానికి తోడు. వెదురు కర్ర, బెండు, ఎర చిన్న చేపలకు చాలును. పెద్ద వాటికి చేతితాడు: ఒక కట్టెముక్కకు చుట్టిన దారము, కొనకు గాలము. అందు రీలు పని చేయునది మనిషి అరచేయి. వాలుగ ఒక్క పరుగు తీసెనా, ఆ అరచేతిలో దారము గీసిన గాటు మిగులును.

కర్రకు రీలు బిగించు వేటను ఈ దేశపు చేపలకు అన్వయించి విస్తారముగా వ్రాసినవాడు మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివన్ థామస్. ఆయన "ది రాడ్ ఇన్ ఇండియా" 1873లోను, చెరువుల వేటకే ప్రత్యేకించిన "ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా" 1887లోను వెలువడినవి. ఆ కాలపు దొరల మనసంతయు కొండయేటి మహాశీరు మీదనే. మీసాల చేప వారికి రెండవ పంక్తి అతిథి. రూపము చూచి బలమును తక్కువ చేయుట న్యాయము కాదని నా అభిప్రాయము.

నాటి కర్రలు గయానా అడవుల గ్రీన్‌హార్టు కలపతోనో, వెదురును బద్దలుగా చీల్చి ఆరు పలకలుగా అతికించియో చేసినవి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత గాజుపీచు, 1970 తరువాత కార్బనుపీచు వచ్చినవి. బరువు తగ్గినది. దారమున 1938లో లోకమునకు వెల్లడియైన నైలాను పట్టును, నారను వెనుకకు నెట్టినది. కాని అన్నింటిని మించిన మార్పు రీలులోనే జరిగినది. పాత రీలు కేవలము తిరుగు చక్రము. చేప పరుగెత్తినచో పిడి వెనుకకు గిర్రున తిరిగి వ్రేళ్ల కణుపులను చితుకకొట్టెడిది. 20వ శతాబ్ది ఆరంభమున అమెరికా సముద్రవేటగాండ్రు పెద్ద చేపలకొరకు పిడి కదలకుండగనే దారము జారునట్లు లోపల ఒరయు బిళ్లలతో అడ్డు ఏర్పరచిరి. దీనినే డ్రాగ్ అందురు. ఢీల్ ఇచ్చు తమ్ముని ఇనుముతో చేసి పెట్టెలో కూర్చుండబెట్టినట్లయినది.

ఇప్పుడు ఎంపికకు వత్తము. నేడు అంగడిలో దొరకు బరువైన రీళ్లు రెండు తెగలు. మల్టిప్లయరులో దారపు చుట్ట కర్రకు అడ్డముగా నుండి దారము తిన్నగా చుట్టుకొనును. కావున బరువు లాగుటలో బలమెక్కువ. అయితే విసరుటలో బొటనవ్రేలు అదుపు తప్పెనా, దారము పిచ్చుక గూడగును. రెండవది 1905లో ఇంగ్లండున ఇల్లింగ్‌వర్తు పేటెంటు పొందిన స్థిరచుట్ట రీలు వంశములోనిది. దారము ఇందు అడ్డముగా మళ్లి చుట్టుకొనుటచే కొంత బలము వ్యయమగును, పురి కూడ పడును. కాని చీకటిలో కట్టమీద నిలిచి విసరువానికి చిక్కులు తక్కువ. కొత్తవారికి నేను రెండవదానినే చెప్పుదును, అదియు లోహపు దేహము గలదానిని. 0.45 లేక 0.50 మిల్లీమీటర్ల నైలాను 200 మీటర్లు పట్టవలెను; ఆ దారము సుమారు 12 మొదలు 16 కిలోల వరకు ఓర్చును. చుట్టను చేతితో మెల్లగా లాగి చూడుడు. మొదట మొరాయించి, పిమ్మట ఒక్కసారి జారు డ్రాగ్ ఎంత వెలగలదైనను పనికిరాదు. చేప దారమును తెంపునది సరిగా ఆ మొరాయింపు క్షణమందే.

కర్ర ఎనిమిది తొమ్మిది అడుగులుండిన చాలును. గుంజవలె వంగనిది బలమైనదని భ్రమపడరాదు. మొదలు గట్టిగా, నడుమనుండి వంగునది కావలెను. స్పెయిను దేశపు ఎబ్రో నదిలో 1974లో వదలిన ఐరోపా వెల్స్ చేపలు మనిషిని మించి పెరిగినవి. అట్టి వేటకై చేసిన మోటు కర్రలు ఇచటికిని వచ్చుచున్నవి. మన చెరువులకు అంత అక్కరలేదు. వాలుగకు దవడనిండ సన్నని పండ్ల వరుసలుండుటచే గాలమునకు పైన మూరెడు లావుపాటి నైలానో, తీగయో మాత్రము తప్పనిసరి.

బలమైన సామగ్రి కావలెననుట ఆడంబరమునకు కాదు. దారము తెగినచో గాలము గొంతుకలో మిగిలిన చేప ఎవరికిని కనబడకయే క్షీణించును. సన్నని దారముతో గంటసేపు ఆడించి వదలిన చేపయు అలసట చేతనే చచ్చును. ప్రకృతి సంరక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ సంఘము 2019 అంచనాలో వాలుగను ముప్పునకు గురికాగల జాతులలో చేర్చినది. వానకాలము దాని సంతానకాలము. ఆ నెలలలో దాని జోలికి పోకుండుట మేలు. చెరువులో చేపలు పట్టు హక్కు సాధారణముగా మత్స్యకారుల సహకార సంఘముది. వారి అనుమతి లేనిదే కర్ర విప్పరాదు. గాలమునకు ఎత్తైన మీసముల చేప ఒకప్పుడు ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కావచ్చును. 2000లో కేంద్రప్రభుత్వము దాని పెంపకమును నిషేధించినది. అయినను దొంగచాటు పెంపకము ఆగలేదు. మురికినీటను గాలి పీల్చి బ్రతుకగల ఆ చేపను తిరిగి నీట వదలకూడదు. వాలుగనైతే దవడపట్టి వ్రేలాడదీయక, తడిచేతులతో పొట్టక్రింద ఆనిచ్చి నీటిలోనే గాలమూడ్చి విడువవలెను. గాలపు ముల్లును ముందే పటకారతో నొక్కియుంచినచో ఈ పని క్షణములో ముగియును.

డ్రాగ్ బిగింపునకు ఇంటనే కొలత కలదు. కొక్కెపు త్రాసును గుమ్మపు గడియకు తగిలించి, దారపు కొనను దానికి కట్టి, కర్రను ఎత్తి లాగుడు. 15 కిలోల దారమునకు ముల్లు నాలుగు అయిదు కిలోల మధ్య నుండగా రీలు జారుట మొదలుపెట్టవలెను. వేటనుండి వచ్చిన రాత్రి ఆ మరను పూర్తిగా వదలు చేసి ఉంచుడు; బిగించి వదలినచో లోపలి బిళ్లలు అణగి, మరుసటి వేటకు ఆ మొరాయింపు మొదలగును.